జులై 4 లోపు

రాజమండ్రి,
మే 12.

చిరంజీవి తమ్ముడికి,


నిన్న ఫోన్లో ఉద్యోగం పోయిన సంగతి చెప్పావు గానీ, రెండు నెలల ఈఎంఐ కట్టలేదన్న సంగతి దాచావు. అది మా మరదలమ్మాయి చెప్పింది. తనను ఏమీ అనకు, చెప్పి మంచి పని చేసింది. నువ్వెందుకు చెప్పలేదో నాకు తెలుసు. గృహప్రవేశానికి ఊరంతా వచ్చింది. నాన్న కనిపించిన ప్రతివాళ్ళకీ "మావాడు హైదరాబాదులో ఇల్లు కొన్నాడు" అని చెప్పుకున్నాడు. ఇప్పుడు వాయిదా కట్టలేకపోతున్నానని నోరు తెరిచి చెప్పడం కష్టమే. కానీ ఆ మాట ఎంత ఆలస్యంగా చెబితే అంత నష్టం. నా సర్వీసంతా బ్యాంకులోనే గడిచింది, చివరి ఏళ్ళన్నీ రికవరీలో. ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళనీ, నిలబెట్టుకున్నవాళ్ళనీ, తామే అమ్మి అప్పు తీర్చుకుని చేతిలో నాలుగు డబ్బులతో బయటపడ్డవాళ్ళనీ చూశాను. ముందుగా బ్యాంకుకు వచ్చి కూర్చున్నవాళ్ళకి దారులు దొరికాయి. ఫోన్ ఎత్తడం మానేసినవాళ్ళకి ఒక్కొక్కటిగా మూసుకుపోయాయి.

అందుకే ముందు తేదీల సంగతి రాస్తాను. నీ మొదటి బకాయి ఏప్రిల్ 5ది. అక్కణ్ణించి 90 రోజులు లెక్కపెట్టు, జులై 4 వస్తుంది. ఆ రోజుకీ ఏప్రిల్ వాయిదా తీరకపోతే నీ ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బకాయి అవుతుంది. ఇది బ్రాంచి మేనేజరు దయాదాక్షిణ్యాల మీద ఉండే విషయం కాదు, కంప్యూటర్ తనంతట తనే గుర్తు పెట్టేస్తుంది. ఇప్పుడు నువ్వు 30 రోజులు దాటావు, 60 దాటలేదు. బ్యాంకు భాషలో దీన్ని ఎస్‌ఎంఏ-1 అంటారు. ఈ దశలో ఉన్న ఖాతాదారుడితో మాట్లాడటానికి బ్యాంకుకే ఆసక్తి ఎక్కువ. ఖాతా మొండి బకాయి కావడం వాళ్ళకీ ఇష్టం ఉండదు కదా.

బయట ఎవరూ చెప్పని మాట ఒకటి విను. నువ్వు కట్టే డబ్బు అన్నిటికన్నా పాత బకాయికి ముందు జమ అవుతుంది. రెండు వాయిదాలు బాకీ ఉండి ఒక్కటే కట్టగలిగితే ఏప్రిల్‌ది తీరిపోతుంది, లెక్క మే 5 నుంచి మొదలవుతుంది. అంటే నీకు ఇంకో నెల గడువు దొరికినట్టే. మొత్తం కట్టలేను కాబట్టి ఏమీ కట్టనని కూర్చోకు. ఎన్‌పీఏ అయిపోయాక ఈ వెసులుబాటు ఉండదు. అప్పుడు ఒకటి రెండు వాయిదాలు కట్టినంత మాత్రాన ఖాతా మామూలు స్థితికి రాదు, బకాయి మొత్తం తీర్చాల్సిందేనని రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో తేల్చి చెప్పింది. ఇంకొకటి. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగొస్తే చెక్కు బౌన్స్ అయినట్టే కేసు పెట్టడానికి చట్టంలో వీలుంది. ప్రతిసారీ బౌన్సు ఛార్జీ కూడా పడుతుంది. ఐదో తారీకున డబ్బు ఉండదని ముందే తెలిస్తే ముందే రాతపూర్వకంగా చెప్పు.

బ్యాంకుకు వట్టి చేతులతో వెళ్ళకు. ఉద్యోగం తీసేసిన ఉత్తరం, ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంటు, అమ్మాయికి స్కూల్లో ఇచ్చే జీతం స్లిప్పులు, ఇంట్లో ఇతర అప్పుల జాబితా పట్టుకెళ్ళు. ఒక కాగితం మీద నెలకు ఎంత కట్టగలవో, ఎన్నాళ్ళు కట్టగలవో రాసుకో. "ఏదైనా చూడండి సార్" అని అడిగితే వాళ్ళు చేయగలిగింది తక్కువ. "మూడు నెలలు 15 వేలు కట్టగలను, తర్వాత పూర్తి వాయిదా కడతాను" అని అడిగితే పైకి పంపడానికి వాళ్ళ చేతిలో ఒక ప్రతిపాదన ఉంటుంది. నోటిమాట నమ్ముకోవద్దు. అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకుని దాచుకో.

వాళ్ళు ముందుగా గడువు పెంచుదామంటారు. దాని లెక్క తెలుసుకుని ఒప్పుకో. తేలిగ్గా అర్థమవడానికి 50 లక్షల అప్పు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ అనుకుందాం. 20 ఏళ్ళకు ఈఎంఐ 43,391 రూపాయలు. అదే 30 ఏళ్ళకు పెంచితే 38,446. నెలకు దొరికే ఊరట ఐదు వేలు కూడా కాదు. మొత్తం కట్టేది మాత్రం కోటీ 4 లక్షల నుంచి కోటీ 38 లక్షలకు పెరుగుతుంది. అయినా దీన్ని వద్దనను. ఉద్యోగం దొరికాక ఎక్కువ కట్టి గడువు మళ్ళీ తగ్గించుకోవచ్చు. ఫ్లోటింగ్ వడ్డీ మీద ఉన్న ఇంటి అప్పును ముందే తీర్చినందుకు వ్యక్తుల దగ్గర పెనాల్టీ వసూలు చేయకూడదని 2012లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. కానీ నీకు నెలకు 20 వేలు తక్కువ పడుతుంటే గడువు పెంపు ఒక్కటే గట్టెక్కించదు. ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి.

నీ వడ్డీ రేటు ఇప్పుడెంతో కూడా అడుగు. నువ్వు 2021లో అప్పు తీసుకున్నప్పుడు రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, 4 శాతం. 2023 ఫిబ్రవరికి అది 6.5 అయింది. నీ ఈఎంఐ పెరగలేదని సంతోషించావు గానీ, గడువు ఎంత పెరిగిందో చూసుకున్నావా? ఆ తర్వాత 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపే రెపోను 5.5కు దించారు. నీ అప్పు రెపోకు ముడిపడి ఉంటే ఆ తగ్గింపు నీ ఖాతాలో కనిపించాలి. వడ్డీ మారినప్పుడు ఈఎంఐ మార్చుకోవాలా, గడువు మార్చుకోవాలా అన్నది ఎంచుకునే అవకాశం అప్పు తీసుకున్నవాడికి ఇవ్వాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ మాట ఎత్తు. ఇంకో బ్యాంకుకు అప్పు మార్చుకోమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం ఇప్పుడు ఆ వెంట తిరగకు. ఉద్యోగం లేనివాడికి, రెండు వాయిదాలు తప్పినవాడికి కొత్త బ్యాంకు అప్పివ్వదు.

రీస్ట్రక్చరింగ్ అనేది ఇంకో దారి. కొన్ని నెలలు వాయిదా ఆపడమో, తగ్గించడమో చేస్తారు. కరోనా ఏడాదిలోలా ఇప్పుడు అది అందరికీ ఇచ్చేది కాదు, బ్యాంకు ఇష్టం. ఆపిన నెలల వడ్డీ అప్పులో కలుస్తుంది. సిబిల్ రికార్డులో, అంటే నీ అప్పుల చరిత్రలో, ఆ గుర్తు ఉంటుంది. ఉద్యోగం మూడు నాలుగు నెలల్లో ఖాయంగా వచ్చేలా ఉంటే దీన్ని గట్టిగా అడుగు.

ఫ్లాటు అద్దెకిచ్చి మీరు వేరేచోట చిన్న ఇంట్లో ఉండే ఆలోచన అమ్మాయిదట, నాకు నచ్చింది. బాచుపల్లిలో నీ ఫ్లాటుకు వచ్చే అద్దె, పిల్లల స్కూలు దగ్గర రెండు గదుల ఇంటికి అయ్యే అద్దె, ఈ రెండింటి తేడా ఎంతో ఈ వారంలోనే కనుక్కో. మెయింటెనెన్సు పోను మిగిలేదే లెక్క. బ్యాంకుకు చెప్పి ఇవ్వు. చాలా అగ్రిమెంట్లలో అద్దెకివ్వాలంటే అనుమతి అడగాలని ఉంటుంది. ఏడాదో రెండేళ్ళో సొంత ఇంట్లో లేకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా వాళ్ళొచ్చి నీ ఈఎంఐ కట్టరు.

ఇక నేను వద్దంటున్నవి చెబుతాను. వీటి గురించే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

ఈఎంఐ కట్టడానికి ఇంకో అప్పు చేయకు. ఏడాదికి ఎనిమిది శాతమంటే మన లెక్కలో నూటికి నెలకు అరవై ఏడు పైసలు. మీ ఆఫీసు స్నేహితుడు ఇప్పిస్తానన్న మూడు రూపాయల వడ్డీ ఏడాదికి 36 శాతం. నీ 38 వేల వాయిదా కట్టడానికి ఆర్నెల్లు అలా తెస్తే 2,28,000 అసలు, దాని మీద నెలకు 6,840 వడ్డీ. ఉద్యోగం వచ్చేనాటికి నీ తల మీద ఒక ఈఎంఐ బదులు రెండు ఉంటాయి. క్రెడిట్ కార్డు, ఫోన్లో వచ్చే లోన్ యాప్‌లు అంతకన్నా ఖరీదు. చౌక అప్పును ఖరీదైన అప్పుతో తీర్చినవాళ్ళెవరూ ఇల్లు నిలబెట్టుకున్నట్టు నేను చూడలేదు. అమ్మాయి బంగారం తాకట్టు పెట్టడం కూడా అలాంటిదే. ఒక్క పరిస్థితిలోనే ఒప్పుకుంటాను. కొత్త ఉద్యోగం ఆఫర్ లెటర్ చేతికొచ్చి, చేరే తేదీ తెలిసి, మధ్యలో ఒకటి రెండు నెలలు దాటించాల్సి వస్తే. అది కూడా తను మనసారా సరేనంటేనే. పీఎఫ్‌లో ఉన్న డబ్బును ఇంటి అప్పుకు వాడుకునే వీలుంది. దాన్ని వాయిదాలకు చిల్లరగా కరిగించకుండా, బకాయి ఒక్కసారి తీర్చడానికి వాడు.

"ఈఎంఐలు నేను కట్టుకుంటాను, నాకు అగ్రిమెంటూ జీపీఏ రాసివ్వండి" అని ఎవరో వచ్చారట. ఆ మనిషిని మళ్ళీ ఇంటికి రానివ్వకు. జీపీఏ అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. దాని మీద అమ్మితే యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. అతను ఆరు నెలలు కట్టి ఆపేస్తే నోటీసు నీ పేరు మీద వస్తుంది, ఇంట్లో మాత్రం అతను ఉంటాడు.

"బ్యాంకుకు తాళాలిచ్చేసి చేతులు దులుపుకుంటా" అన్నావట. కాలిఫోర్నియాలో ఉన్న నీ స్నేహితుడు అలా చేయొచ్చన్నాడట. అక్కడ, తాము ఉండటానికి ఇల్లు కొనేందుకు తీసుకున్న అప్పు విషయంలో, ఇల్లు పోయాక తక్కువ పడిన సొమ్ము కోసం వెంటపడకుండా చట్టం అడ్డుపడుతుంది. మన దగ్గర ఆ రక్షణ లేదు. వేలంలో వచ్చింది అప్పుకు చాలకపోతే మిగతాది నీ దగ్గర వసూలు చేసుకునే హక్కు బ్యాంకుకు ఉంది. అమ్మాయి కో-అప్లికెంటు కాబట్టి తన దగ్గర కూడా.

ఈ దారులన్నీ లెక్కేశాక కూడా నెలనెలా లోటే తేలితే, ఇల్లు నువ్వే అమ్ము. చదవడానికే నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. నీకు ఇంకా 46 లక్షలు అప్పుందని అమ్మాయి చెప్పింది. మీ బ్లాకులో ఈ మధ్య అమ్ముడైన ధర 70 లక్షల పైమాటేనట. అంటే అప్పు పోగా నీది అనుకునే డబ్బు 20 లక్షలకు పైగా ఆ గోడల్లో ఉంది. నువ్వు అమ్మితే అది నీ చేతికొస్తుంది. వేలానికి వెళితే కరిగిపోతుంది. వేలంలో కొనేవాడు చవకగా దొరుకుతుందనే వస్తాడు. మొదటిసారి ఎవరూ పాడకపోతే రిజర్వు ధర తగ్గించి మళ్ళీ వేస్తారు. ఈలోపు వడ్డీ, నోటీసుల ఖర్చు, పత్రికా ప్రకటనల ఖర్చు నీ అప్పులోనే కలుస్తుంటాయి. వేలంలో అప్పుకు మించి వస్తే మిగులు నీకే ఇవ్వాలి, చట్టం అంతే. కానీ ఆ మిగులు మిగలాలి కదా.

అప్పున్న ఇల్లు అమ్మలేమని చాలామంది అనుకుంటారు. రోజూ అమ్ముతూనే ఉన్నారు. బ్యాంకును ఫోర్‌క్లోజర్ లెటరూ, వాళ్ళ దగ్గరున్న దస్తావేజుల జాబితా అడుగు. కొనేవాడు కూడా లోనుకే వెళతాడు, వాళ్ళ బ్యాంకు నీ అప్పు మేరకు డబ్బు నేరుగా నీ లోను ఖాతాకే ఇస్తుంది. మిగతాది నీకొస్తుంది. అప్పు తీరాక సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తాకట్టు విడుదల చేయించి, ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) అది కనిపించిందో లేదో చూసుకో. అప్పు పూర్తిగా తీర్చిన 30 రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులు తిరిగివ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు నీకివ్వాలి. బయానా తీసుకునే ముందే కొనేవాడికి అప్పు సంగతి దాచకుండా చెప్పు. స్వాధీనం చేసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్ళు నిండకపోతే గతంలో వాడుకున్న పన్ను మినహాయింపు వెనక్కి పోవచ్చు. అమ్మే ముందు ఆడిటరును ఒక్కసారి కలువు.

అమ్మడానికి తొందర ఎందుకంటే, నోటీసు వచ్చాక నీ చేతులు కట్టేసినట్టే. ఎన్‌పీఏ అయ్యాక సర్ఫేసీ చట్టం కింద 13(2) నోటీసు వస్తుంది. 2002 నాటి చట్టం అది, కోర్టుకు వెళ్ళకుండానే బ్యాంకు తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోవచ్చు. ఆ నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఇల్లు అమ్మకూడదు, లీజుకివ్వకూడదు. డబ్బు కట్టడానికి 60 రోజులు ఇస్తారు. ఆ లోపల నీ అభ్యంతరాలు రాసి పంపితే 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వడం బ్యాంకు బాధ్యత. నూటికి తొంభై మంది ఆ ఉత్తరమే రాయరు. గడువు దాటితే 13(4) కింద స్వాధీన నోటీసు తలుపు మీద అంటిస్తారు, రెండు పత్రికల్లో వేస్తారు. అందులో ఒకటి తెలుగు పత్రిక. నాన్న రోజూ ఆఖరి పేజీదాకా చదువుతాడని నీకు తెలుసు. ఆ స్వాధీన నోటీసు మీద 45 రోజుల్లో అప్పుల వసూలు ట్రిబ్యునల్ అయిన డీఆర్‌టీకి వెళ్ళొచ్చు. హైదరాబాదులోనే ఉంది. బ్యాంకు నిజంగా తప్పు చేసి ఉంటే, లెక్క తేడా ఉంటే, నోటీసు సరిగ్గా అందకపోతే తప్పకుండా వెళ్ళు. "స్టే తెచ్చిపెడతా" అని ఫీజు అడిగే లాయరును మాత్రం ఒక్కటి అడుగు, స్టే ఇచ్చేటప్పుడు ఎంత కట్టమంటారని. వేలం ప్రకటన వెలువడేలోపు మొత్తం కట్టి ఇల్లు విడిపించుకోవచ్చు. ఆ ప్రకటన వచ్చేశాక ఆ హక్కు కూడా పోతుంది.

భౌతిక స్వాధీనం ఎలా ఉంటుందో ఒక్కసారి చెబుతాను. నేను సంతకం పెట్టాల్సి వచ్చిన పంచనామా అది. అడ్వకేట్ కమిషనరు, ఇద్దరు కానిస్టేబుళ్ళు, మా సిబ్బంది, వీడియో తీసే కుర్రాడు. గదికో మనిషి నిలబడి సామాను పైకి చదువుతుంటే ఇంకొకరు రాశారు. ఫ్రిజ్ ఒకటి, కుట్టుమిషను ఒకటి, పిల్లల సైకిలు ఒకటి, దేవుడి పటాలు ఏడు. ఆ ఇంటావిడ పటాలు తీసుకోవచ్చా అని నన్ను అడిగింది. ఎదురు ఫ్లాట్లవాళ్ళు తలుపులు ఓరగా తీసి చూస్తున్నారు. తర్వాత కొత్త తాళం, దాని మీద బ్యాంకు సీలు. ఆ దంపతులకు తొమ్మిది నెలల ముందే ఒక మంచి బేరం వచ్చిందట. పరువు పోతుందని అమ్మలేదట.

రికవరీవాళ్ళ ఫోన్లకు భయపడకు. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వాళ్ళు ఫోన్ చేయకూడదు. బంధువులకూ స్నేహితులకూ చెప్పి అల్లరి పెట్టకూడదు. తిడితే, బెదిరిస్తే తేదీ, టైము రాసుకుని బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పైసా ఖర్చు లేకుండా రాయొచ్చు. కానీ వాళ్ళ ఫోన్లు విసిగిస్తున్నాయని బ్యాంకు ఫోన్లు కూడా ఎత్తడం మానకు.

వన్ టైమ్ సెటిల్‌మెంట్ గురించి నీకు వినిపించిన కథలు నమ్మకు. అప్పుకన్నా ఇంటి విలువ ఎక్కువున్నప్పుడు బ్యాంకు ఎందుకు తగ్గిస్తుంది? తగ్గించినా సిబిల్‌లో "సెటిల్డ్" అని పడుతుంది, తర్వాత ఏ అప్పుకు వెళ్ళినా అది ఎదురొస్తుంది.

నాన్నకు నేను చెబుతాను. నువ్వు దాని గురించి బెంగ పెట్టుకోకు. ఆయన బాధపడతాడు, రెండు రోజులు మాట్లాడడు, తర్వాత "ఎంత కావాలి" అని అడుగుతాడు. తన పొలం అమ్ముతానని మాట ఎత్తితే మాత్రం నువ్వు ఒప్పుకోకు. ఆ వయసులో ఆయనకున్న ఆధారం అదొక్కటే. నీ ఫ్లాటు కోసం అది పోకూడదు.

గురువారం సెలవు లేదు, బ్యాంకు ఉంటుంది. పదిన్నరకల్లా వెళ్ళు, అమ్మాయిని కూడా తీసుకెళ్ళు. ఇద్దరి సంతకాలూ కావాలి. ఏప్రిల్ వాయిదా ఒక్కటైనా కట్టి, అర్జీ ఇచ్చి, స్టాంపు వేసిన కాపీ ఫోటో తీసి నాకు పంపు. అదే రోజు మీ కాంప్లెక్సులో ఇద్దరు ఏజెంట్లను ఫ్లాటు ధర ఎంత పలుకుతుందో అడుగు. అమ్మినా అమ్మకపోయినా ఆ అంకె నీ చేతిలో ఉండాలి. ఈ రెండు పనులూ అయ్యేదాకా ఇంకెవరి దగ్గరా అప్పు అడగనని నాకు మాటివ్వు.

ఇట్లు,
మీ అక్క